పొగ లేని గని

నీళ్ళు పొక్లెయిన్ ఇనుప పట్టాలను ముంచేసి క్యాబిన్ మెట్టును అందుకున్నాయి.

"మోటార్లన్నీ ఆగిపోయినాయి మేడం! ఒక్కటి తిరగడంలా!" వాకీటాకీలో ఎలక్ట్రీషియన్ ఆండ్రూ గొంతు చీలిపోతోంది.

వినీల అప్పటికే గుంట అంచుకు పరుగెత్తుకొచ్చింది. చిల్లకూరు మండలంలో, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉన్న ఆ తెల్ల ఇసుక గనికి కరెంటు ఇంజనీరు ఆమే. అద్దాల తయారీకి పోయే ఇసుక అది. తవ్వేకొద్దీ అడుగు నుంచి నీళ్ళు ఊరుతూనే ఉంటాయి; రాత్రంతా కురిసిన వానకు ఇవాళ ఇంకా ఎక్కువ. చుట్టూ, అడుగునా బిగించిన మోటార్లు రేయింబవళ్ళు ఆ నీళ్ళను తోడుతుంటేనే గుంటలో నేల గట్టిగా ఉంటుంది. మోటార్లు ఆగితే అది నేల కాదు, అంబలి.

ఇప్పుడు ఆ అంబలిలో పొక్లెయిన్ ఒక పక్కకు ఒరిగి, బురదలో పడుకోబోయే గేదెలా మెల్లమెల్లగా కూరుకుపోతోంది. దాని నెత్తి మీద ఆపరేటరు గణేష్ గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఒరే గణేషూ! దూకి ఈదరా!" గట్టు మీద నుంచి స్వర్ణ అరిచింది. గనిలో కరెంటు టిప్పరు నడిపే స్వర్ణ అతనికి సొంత అక్క. "సముద్రం ఒడ్డున జువ్వలదిన్నెలో పుట్టినోడివి, ఈత మర్చిపోయినావా?"

"నీళ్ళయితే ఈదనా అక్కా? ఇది ఊబి! కాలు పెడితే గుంజుకుంటా ఉండాది!"

"అట్టయితే కదలబాక! అట్నే కూర్చో!"

"కూర్చోక డాన్సు చేస్తానా ఇక్కడ!"

మాట వెటకారంగానే ఉంది కానీ గొంతులో వణుకు గట్టు దాకా వినిపించింది.

మేనేజరు పద్మనాభయ్య పంచె ఎగ్గట్టి, మోకు చేతికి చుట్టుకుని అంచు మీదికి వచ్చాడు. అరవై దాటిన మనిషి. ఒకసారి విసిరాడు. అందలేదు. మళ్ళీ విసిరేలోపు ఆయన కాళ్ళ కింద ఇసుక గట్టు పెళ్ళలు పెళ్ళలుగా విరిగి గుంటలోకి జారింది. ఇద్దరు కూలీలు ఆయన్ని వెనక్కి లాగారు.

"వదలండిరా! పిల్లోడు మునిగిపోతా ఉండాడు!" పెద్దాయన కళ్ళ వెంట నీళ్ళు.

మోకుతో అయ్యే పని కాదని వినీలకు అర్థమైంది. గట్టు మీద మనిషి నిలబడలేడు, గుంటలోకి మనిషి దిగలేడు. నీళ్ళు తగ్గాలి. నీళ్ళు తగ్గాలంటే మోటార్లు తిరగాలి. మోటార్లు తిరగాలంటే కరెంటు కావాలి.

ఆ కరెంటు ఆమెది. ఆ గని మనుషులది.

ఊరి లైనుతో సంబంధం లేకుండా గనికి గనే సొంతంగా కరెంటు పండించుకునే ఏర్పాటు అది. మైక్రోగ్రిడ్ అంటారు. తవ్వకం అయిపోయిన బీడు మీద సోలార్ పలకలు, ఇసుక దిబ్బల మీద గాలిమరలు, ఆఫీసు వెనక ఇనుప గదిలో పెద్ద బ్యాటరీ. అంతకుముందు ఈ గనిలో పొద్దున లేస్తే డీజిల్ పొగ. జనరేటర్ల మోతలో పక్కవాడి మాట వినపడేది కాదు. ఇసుక కడిగే ఆడవాళ్ళ చీరలు సాయంత్రానికి మసిబారేవి. ఇప్పుడు మోటార్లు, జల్లెడలు, టిప్పర్లు అన్నీ ఎండకూ గాలికీ నడుస్తున్నాయి. ఆ పలకలను ఒక్కొక్కటిగా మోసి బిగించింది ఈ గని మనుషులే. బయటి నుంచి వచ్చినవాళ్ళు మీటరు చదివి పోయారు, అంతే.

"ఆండ్రూ! ఎండ కాస్తా ఉంది, గాలిమరలు తిరగతా ఉన్నాయి. కరెంటు ఎందుకు లేదు?"

"బ్యాటరీ ఆగిపోయింది మేడం. అది లేకపోతే మిగతావి పలకవు గదా."

నిజమే. ఎండా గాలీ బండికి కట్టిన ఎద్దుల్లాంటివి. ఎంత బలముంటే ఏం, మెడ మీద కాడి లేకపోతే చెరో దిక్కుకు పోతాయి. బ్యాటరీ ఆ కాడి. అది విరిగితే బండి కదలదు.

ఇంకో కాడి కావాలి. ఇప్పుడే.

వినీల చూపు గట్టు వెనక నిలబడి ఉన్న స్వర్ణ టిప్పరు మీద పడింది. కరెంటు టిప్పరు. పొట్టలో తన బ్యాటరీ తనకుంది. ఛార్జింగ్ స్తంభం దగ్గర కరెంటు తాగే బండి, అదే తీగ వెంట కరెంటు వెనక్కి కూడా ఇవ్వగలదని అమ్మినవాళ్ళు చెప్పారు. ఆఫీసులో నాలుగు బల్బులు వెలిగించుకోవడానికైతే పర్వాలేదన్నారు. మోటార్ల సంగతి ఎవరూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

"స్వర్ణక్కా! బండి స్తంభం దగ్గర పెట్టు!"

"ఇప్పుడా? నా తమ్ముడు అక్కడ మునిగిపోతా ఉంటే నేను ఛార్జింగ్ పెట్టుకోవాల్నా?"

"పెట్టుకోవడం కాదక్కా, ఇవ్వాలి! నీ బండి గనికి కరెంటు ఇస్తుంది!"

స్వర్ణ రెండో ప్రశ్న వెయ్యలేదు. మైపాడు బీచి నుంచి టౌనుకు ఆటో తోలినప్పుడు లారీల మధ్య సందు చూసుకుని దూరిన మనిషి. ఇసుక నింపుకున్న టిప్పరును అట్నే వెనక్కి తిప్పి, స్తంభానికి బెత్తెడు దూరంలో ఆపింది. ఆండ్రూ తీగ పట్టుకుని దూకినంత పని చేశాడు.

"మేడం, ఒకేసారి అన్ని మోటార్లు వేస్తే బండి కూడా కుప్పకూలతాది."

"ఒక్కోటే వేద్దాం. గుంట అడుగున ఉన్నది ముందు. నేను చెప్పేదాకా రెండోది ముట్టుకోబాక."

ఆమె స్విచ్ తిప్పింది. టిప్పరు లోపల ఎక్కడో గుర్రుమంది. తెర మీద అంకెలు ఎగిరిపడ్డాయి, దిగాయి, మళ్ళీ ఎగిరాయి.  అంకెలు నిలబడ్డాయి.

అంతే, గాలిమరలకు కాడి దొరికింది. వాటి వెనకే సోలార్ పలకలు. తప్పిపోయిన దూడలు తల్లి అరుపు విన్నట్టు ఒక్కొక్కటే వచ్చి కలిశాయి. మొదటి మోటారు దగ్గి, తుమ్మి, గొట్టం నిండా నీళ్ళు కక్కింది.

గట్టు మీద జనం కేక వేశారు.

"రెండోది!"

ఇంకో డ్రైవరు తన టిప్పరును పక్క స్తంభానికి తెచ్చి తగిలించాడు. మూడో మోటారు. నాలుగోది. టిప్పరు బ్యాటరీలో మిగిలింది తరిగిపోతుంటే ఎండ వచ్చి ఆ లోటు పూడుస్తోంది. గుంటలో నీళ్ళు ముందు ఆగాయి. తర్వాత వెనక్కి తగ్గాయి. పొక్లెయిన్ కూరుకుపోవడం మానేసింది. కాసేపటికి దాని చుట్టూ ఇసుక తడి మెరుపు పోయి గట్టిగా, తెల్లగా కనపడింది.

"దిగరా!" స్వర్ణ అరిచింది.

గణేష్ ఒక కాలు దించాడు. నేల నిలిచింది. రెండో కాలు దించాడు. తర్వాత పరుగే పరుగు. గట్టెక్కగానే అక్క వాడి వీపు మీద గుద్దింది, గుద్దిన చేత్తోనే దగ్గరకు లాక్కుంది.

"నీ బండి లేకపోతే పోయుందునే."

"నా బండి గాదురా. మన కరెంటు."

జనం వినీల చుట్టూ చేరారు. ఇసుక కడిగే ఆడవాళ్ళలో ఎవరో ఆమె బుగ్గలు పుణికి మెటికలు విరిచారు. ఇన్నాళ్ళూ ఎండకు నడిచే గని అంటే నవ్వినవాళ్ళు ఊళ్ళో ఎందరో. వాళ్ళందరూ ఇది చూసి ఉంటే బాగుండుననిపించింది వినీలకు. ఒక్క చుక్క డీజిల్ లేకుండా, ప్రాణం పోయే వేళ, తన గని తనను తాను లేపి నిలబెట్టుకుంది. 

అప్పుడే యజమాని నరేంద్రబాబు కారు వచ్చి ఆగింది.

జరిగిందంతా విన్నాడు. గణేష్ భుజం తట్టాడు. తర్వాత వినీల వైపు తిరిగినప్పుడు ఆయన ముఖంలో మెప్పు లేదు.

"పిల్లోడిని కాపాడినావమ్మా. చెయ్యెత్తి దణ్ణం పెడతా. కానీ ముందు ఆ బ్యాటరీ ఎందుకు ఆగింది?"

"నేను మొదట్నించీ చెప్తానే ఉండా నాయనా," పద్మనాభయ్య మోకు రాసుకుపోయిన అరచేతులు ఊదుకుంటూ అన్నాడు. నరేంద్రబాబుకు ఆయన స్వయానా మేనమామ. తండ్రి పోయాక ఆ కుర్రాణ్ణి పెంచిందీ, గనిని నడిపిందీ ఆయనే. "ఎండనీ గాలినీ నమ్ముకుంటే సంసారం సాగుతాదా? జనరేటరుకు ఫోన్ చేసినా. చెంచురామయ్య తెస్తా ఉండాడు."

నరేంద్రబాబు గుంట వైపు చూసి, వాచీ చూసుకున్నాడు.

"మధ్యాహ్నం చెన్నై నుంచి అద్దాల కంపెనీ వాళ్ళు వస్తా ఉండారు. పొగ లేకుండా తీసిన ఇసుకైతేనే కొంటామని చెప్పినోళ్ళు. వాళ్ళకు అబద్ధం చెప్పలేను. నా మనుషుల్ని ఊబిలో దించనూలేను. యంత్రం దానంతట అది చెడిందంటే, వినీలా, ఇవాళే ఈ గ్రిడ్డు పీకించేస్తా. జనరేటర్లు తెస్తా. ఎవరైనా చెరిపినారంటే చెప్పు. వాడు ఎవడైనా సరే, వాడు పోతాడు, గ్రిడ్డు ఉంటాది. కానీ వాళ్ళు వచ్చేలోపు నాకు పేరు కావాలి."

"చెప్తాను సార్," అంది వినీల. ఎలా చెప్పాలో తెలియకుండానే అంది.

*

బ్యాటరీ గది తలుపు తీయగానే వేడి ముఖం మీద కొట్టింది. బట్టీ తలుపు తీసినట్టు.

"ఏసీ ఆగిపోయింది," ఆండ్రూ గొణిగాడు.

ఆగిపోలేదు. ఆపేశారు. ఏసీ స్విచ్ కిందికి దించి ఉంది. గది వేడెక్కితే కంట్రోల్ రూములో మోగాల్సిన గంట తీగను ఊడబీకి, గోడ వెంట జాగ్రత్తగా వదిలేశారు. తెల్లవారుజామున ఎప్పుడో చేసిన పని. లోపల వేడి పెరిగి పెరిగి, కాలిపోయే ప్రమాదం రాకముందే బ్యాటరీ తనంతట తాను ఊపిరి బిగబట్టుకుని ఆగిపోయింది. చెడిపోలేదు. ఏం చెయ్యాలో అదే చేసింది.

వినీల ఏసీ వేసి, గోడకు చేరబడింది. యంత్రం తప్పు కాదు. ఆ మాట తనకు చాలు, కానీ నరేంద్రబాబుకు సరిపోదు. పేరు కావాలి.

అప్పుడు చూసింది, ఎదురుగా గోడ మీద.

ఈ గది పెట్టిన రోజున టెంకాయ కొట్టి, పసుపు కుంకుమలు పెట్టి, పెంచలకోన నరసింహస్వామి పటం తగిలించారు. నెల్లూరు జిల్లాలో కొత్త మోటారు పెట్టినా, కొత్త లారీ కొన్నా కోన స్వామి పటం లేకుండా పని మొదలుకాదు. ఆ పటం ఇప్పుడు గోడ వైపు తిరిగి ఉంది. అట్ట వెనక భాగం, మేకుకు కట్టిన దారం మాత్రం కనపడుతున్నాయి.

"గాలికి తిరిగిందేమో," అన్నాడు ఆండ్రూ.

"మూసిన ఇనుప గదిలో గాలెక్కడిది?"

తిప్పారు. ఎవరో, చేతులతో, పనిగట్టుకుని. ఏసీ ఆపే ముందు, తీగ పీకే ముందు, స్వామి చూడకూడదని ఆయన ముఖం తిప్పేశారు.

 తప్పు చెయ్యడానికి తెగించిన మనిషి, దేవుడి కళ్ళెదుట చెయ్యడానికి మాత్రం తెగించలేకపోయాడు.

బయట గోల మొదలైంది. చూస్తే నరేంద్రబాబు, పద్మనాభయ్య, వెంట నలుగురు కూలీలు.

"బ్యాటరీ గది తాళం ఎవరి దగ్గర ఉంటాది?" పద్మనాభయ్య ఆండ్రూ వైపు వేలు చూపాడు. "వీడి నడుం దగ్గర. ఇంకెవరు చేస్తారు నాయనా?"

ఆండ్రూ ముఖం పాలిపోయింది. "అయ్యా, నేను ఈ గదిని బిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నా."

"తాళం ఇంకోటి ఆఫీసులో కూడా ఉంది," అంది వినీల. "అది తర్వాత. ముందు లోపలికొచ్చి ఒకటి చూడండి సార్."

నరేంద్రబాబు వచ్చాడు. పటం చూసి చెప్పులు విడిచి లెంపలు వేసుకున్నాడు. "అయ్యయ్యో. ఎవురు తిప్పినారు?"

"అదే నేనూ అడిగేది. ఆండ్రూ ఆదివారం చర్చికి పోయే మనిషి. ఈ పటాన్ని ఏనాడూ అగౌరవంగా చూడలేదు. కానీ ఈ స్వామి చూస్తాడేమోనని భయపడే అవసరం అతనికి లేదు. భయపడినవాడు వేరే."

"అట్టయితే బయటోడే!" కూలీల్లోంచి ఒకడు అరిచాడు. "అదో, వచ్చినాడు చూడండి! డీజిల్ రాబందు!"

గేటు దగ్గర లారీ ఆగింది. మీద టార్పాలిన్ కప్పిన జనరేటరు. ముందు సీట్లోంచి చెంచురామయ్య దిగాడు. గనిలో ఏళ్ళ తరబడి జనరేటర్లు అద్దెకు నడిపినవాడు. గ్రిడ్డు రాగానే ఇంటికి పోయినవాడు.

"మా పొట్ట కొట్టను మళ్ళీ వచ్చినావా!" ఇసుక కడిగే ఆమె జల్లెడ ఎత్తింది.

"నన్నెందుకమ్మా తిడతారు? రమ్మంటే వచ్చినా!" చెంచురామయ్య లారీ చాటుకు నక్కాడు. "పిలవని పేరంటానికి వచ్చే రకమా నేను?"

జనం మీదికి పోయారు. ఎవరో తాడు లాగారు. టార్పాలిన్ ఒక మూల జారింది. దాని మడతల్లో నిలిచిన నీళ్ళు బిందె బోర్లించినట్టు ధారగా చెంచురామయ్య నెత్తి మీద పడ్డాయి. జనం ఘొల్లుమన్నారు. ఆయన చొక్కా పిండుకుంటూ తిట్ల దండకం అందుకున్నాడు.

వినీల నవ్వలేదు. ఆ నీళ్ళ వైపే చూస్తూ నిలబడింది.

రాత్రంతా వాన. తెల్లారేసరికి ఆగిపోయింది. ఆ తర్వాత ఎండ. మోటార్లు ఆగింది ఎండలో. అంటే ఈ టార్పాలిన్ మడతల్లోకి నీళ్ళు చేరేటప్పటికి మోటార్లు తిరుగుతూనే ఉన్నాయి.

"చెంచురామయ్య గారూ, దీన్ని లారీ ఎక్కించింది ఎప్పుడు?"

"ఏందమ్మా ఆ ప్రశ్న? జనరేటరంటే నిమ్మకాయల బుట్టా, జేబులో వేసుకుని రావడానికి? క్రేను పిలవాల, తాళ్ళు కట్టాల..." ఆయన సగంలో ఆగాడు. కళ్ళు ఒకసారి గుంపు వైపు పోయి వచ్చాయి. "పొద్దున్నే. మోటార్లు ఆగినాయని ఫోనొచ్చినాక."

"ఎండలో ఎక్కిస్తే ఈ నీళ్ళెక్కడివి? సముద్రంలోంచి తెచ్చినావా?" స్వర్ణ అందుకుంది. ఆటో నడిపినన్నాళ్ళూ దొంగ లెక్కలు చెప్పే ప్రయాణికులను ఎందరిని చూసిందో. "నిన్నే ఎక్కించినావు. వానలో తడిసింది. మోటార్లు ఆగకముందే నీకు ఎట్టా తెలుసు ఆగతాయని?"

చెంచురామయ్య మళ్ళీ లారీ చాటుకు జరిగాడు.

"నేనే చెప్పినా."

అందరూ తిరిగి చూశారు. పద్మనాభయ్య నిదానంగా ముందుకు వచ్చాడు.

"నిన్ననే ఫోన్ చేసినా. మబ్బు పట్టింది, వాన పెద్దదయ్యేటట్టు ఉండాది. మబ్బులో సోలారు పని చెయ్యదు గదా. ఎందుకైనా మంచిదని రమ్మన్నా. దాంట్లో తప్పేముంది?"

నరేంద్రబాబు తల ఊపాడు. "మామ ముందుచూపు అట్టాంటిది. మా నాయన ఉన్నప్పుడు కూడా అంతే."

జనం కూడా తలలు ఊపారు. ఆ మాటలో అబద్ధం ఎక్కడుందో వినీల పట్టుకోలేకపోయింది. ముసలాయన జాగ్రత్తపరుడు. మోకు పట్టుకుని పిల్లవాడి కోసం ఏడ్చినవాడు. అనుమానించిన తన మనసును తానే తిట్టుకుంది. దూరంగా హైవే వైపు నుంచి దుమ్ము లేస్తోంది. అద్దాల కంపెనీ కార్లు కావచ్చు. పేరు లేదు. ఇక గ్రిడ్డు లేదు.

"నిజమే సార్," అన్నాడు గణేష్.

ఒళ్ళంతా తెల్ల ఇసుక పూసుకుని, అక్క పక్కన కూర్చుని టీ తాగుతున్నాడు. బతికి బయటపడ్డ మనిషి కదా, ఎవరినైనా పొగడాలనిపించే వేళ. "పెద్దాయనది ముందుచూపే. పొద్దున పనిలోకి దిగతా ఉంటే నన్ను పక్కకు పిలిచినాడు. 'గణేషూ, ఇవాళ గుంటలో దిగబాక, పైన గట్టు చదును చేసుకో, మోటార్లు ఆగిపోతాయి' అన్నాడు. నేనే వినలా. అడుగున మంచి ఇసుక ఉండాదని దిగినా. ఆయన మాట వినుంటే నాకీ గతి పట్టేదా?"

 గణేష్ టీ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఏమన్నాడు?" నరేంద్రబాబు గొంతు చాలా చిన్నదైంది. "మోటార్లు ఆగతాయేమోననా? ఆగిపోతాయనా?"

గణేష్ అక్క వైపు చూశాడు. పద్మనాభయ్య వైపు చూశాడు. "ఆగిపోతాయనే సార్..."

వినీలకు అన్నీ ఒక్కసారిగా అతుక్కున్నాయి. మబ్బు పట్టిందని జనరేటరు పిలవచ్చు. కానీ పొద్దున్నే, ఎండ కాస్తుండగా, మోటార్లు ఆగిపోతాయని చెప్పగలిగింది ఒక్కడే. ఆపినవాడు. స్వామి ముఖం తిప్పిన మనసే గణేష్‌ను పక్కకు పిలిచింది. ఎవరి ప్రాణానికీ ముప్పు రాకూడదు, యంత్రం పరువు మాత్రం పోవాలి. అంతే కోరుకున్నాడాయన. కుర్రవాడు మాట వినకపోతాడని లెక్క వేసుకోలేదు.

పెంచలకోన పోయి ఆ పటం తెచ్చిందెవరు? మేకు కొట్టి తగిలించిందెవరు? ఆఫీసులో రెండో తాళం ఎవరి డ్రాయరులో ఉంటుంది? వేరే ఎవరినీ అడగాల్సిన పనే లేదు.

"ఎందుకు?" ఆమె పద్మనాభయ్యనే అడిగింది. మాట అదిరింది. "జనరేటర్లంటే మీకు అంత ప్రేమా?"

"జనరేటరంటే కాదమ్మా." పద్మనాభయ్య ఎవరి ముఖమూ చూడకుండా, నీళ్ళు కక్కుతున్న గొట్టాల వైపు చూస్తూ అన్నాడు. "డీజిల్ తాళం నా దగ్గర ఉండేది. పొద్దున లేస్తే ప్రతివాడూ నా గుమ్మం ముందు నిలబడేవాడు. పెద్దాయనా, మా మోటారుకు పోయించు, మా బండికి పోయించు అని. ఎవరికి ముందో, ఎవరికి వెనకో నేనే చెప్పేవాణ్ణి. ఇప్పుడు సూర్యుడు పొడుస్తాడు, అందరికీ ఒకేసారి. నన్ను పలకరించేవాడు లేడు."

"మామా, ఊరుకో," అన్నాడు నరేంద్రబాబు. "నువ్వేం మాట్లాడబాక. ఎవరూ ఏం మాట్లాడొద్దు. ఇది ఇంటి విషయం."

కార్లు గేటు దాటి లోపలికి వచ్చాయి. తెల్ల చొక్కాల మనుషులు దిగారు. వాళ్ళలో పెద్దాయన నవ్వుతూ చేతులు జోడించి, గుంపును చూసి నవ్వు ఆపేశాడు. "ఏదో ఇబ్బంది వచ్చినట్టుంది? దారిలో విన్నాం. మీ మైక్రోగ్రిడ్ ఫెయిలైందట కదా."

నరేంద్రబాబు మేనమామ వైపు ఒకసారి, నేల వైపు ఒకసారి చూశాడు.

అవునంటే మామ పరువు దక్కుతుంది. గ్రిడ్డు పోతుంది. రేపు ఈ గట్టు మీద మళ్ళీ పొగ, మళ్ళీ మోత. పలకలు మోసిన ఈ మనుషులందరూ ఊరి ముందు నవ్వులపాలు. నరేంద్రబాబు కళ్ళు వినీలను వేడుకుంటున్నాయి. ఇంటిమనిషి అని అంటున్నాయి. రేపటి నుంచి నీ ఉద్యోగం ఉండదని కూడా అంటున్నాయేమో.

వినీల వెనక్కి తిరిగి చూసింది. ఛార్జింగ్ స్తంభాల దగ్గర టిప్పర్లు. వాటి అవతల, దిబ్బల మీద, సముద్రపు గాలికి మరలు తిరుగుతున్నాయి. గొట్టాల్లో నీళ్ళు ధారకట్టి పోతున్నాయి. ఆండ్రూ ఉన్నాడు, దొంగ అనిపించుకున్న ముఖంతో. స్వర్ణ తమ్ముడి భుజం మీద చెయ్యి తీయకుండా నిలబడి ఉంది.

"ఫెయిల్ కాలేదు సార్," అంది వినీల. మాట ఇప్పుడు అదరలేదు. "బ్యాటరీ చల్లదనం ఆపేసి దాన్ని బలవంతంగా ఆపినారు. అయినా మా గని ఒక్క చుక్క డీజిల్ లేకుండా, టిప్పర్ల కరెంటుతో లేచి నిలబడింది. మా మనిషిని మేమే బతికించుకున్నాం. అదో, మోటార్లు. వినండి."

విన్నారు. నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పొగ లేదు.

"ఆపినారా?" చెన్నై ఆయన కనుబొమలు ముడిచాడు. "ఎవరు?"

పద్మనాభయ్య తల ఎత్తాడు. ఒక్క క్షణం ఆయన చూపూ వినీల చూపూ కలిశాయి. ఆ ముసలి కళ్ళలో కోపం లేదు. చెప్పమ్మా, నా నోటితో నేను చెప్పుకోలేను అన్నట్టున్నాయి.

"మా మేనేజరు," అంది వినీల, గట్టు మీద చివరి మనిషికీ వినపడేలా. "పద్మనాభయ్య గారు."